చలికి బిగిసిన మోకాళ్లు, మిగిలిపోయిన తూర్పు గట్టు

ఎండలు ముదిరాయి. నా వేళ్లు మళ్లీ కలం పట్టుకుంటున్నాయి. చలికాలంలో ఇవే వేళ్లతో రొట్టె ముక్క తుంచుకోలేకపోయానంటే ఇప్పుడు చూసేవాళ్లు నమ్మరు. అప్పుడు చూసినవాళ్లూ నమ్మలేదు. ఈ రోగంతో వచ్చిన చిక్కు అదే. కాలు విరిగితే కట్టు కనబడుతుంది. జ్వరం వస్తే ఒళ్లు ముట్టుకుంటే తెలుస్తుంది. కీళ్లు బిగిసినవాడు మాత్రం పని ఎగ్గొట్టి మంచం మీద కూర్చున్నవాడిలా కనబడతాడు. కాలు విరిగినవాణ్ణి చూడటానికి ఊరంతా వస్తుంది. నన్ను చూడటానికి ఇల్లు దాటి వచ్చినవాళ్లు నలుగురు. రానివాళ్ల పేర్లు కూడా నాకు గుర్తున్నాయి గాని ఇక్కడ రాయను.

ఇది రాయడానికి కారణాలు రెండు. చలి వస్తే కీళ్లు పట్టుకునేవాళ్లు మా దిక్కున చాలామంది ఉన్నారు. నేను చేసిన తప్పు వాళ్లు చేయకూడదు. రెండోది, గడిచిన రెండు చలికాలాల్లో ఎవరు ఏమన్నారో, ఎవరు ఏం చేశారో జరిగింది జరిగినట్టు ఒకచోట ఉండాలి. చిన్నప్పుడు మా నాయన నన్ను ఒక అయ్యవారి దగ్గర కూర్చోబెట్టి ఇసుకలో తెలుగు దిద్దించాడు. ఆ చదువు ఇన్నేళ్లకు ఇలా పనికొచ్చింది.

మా ఊరు ధర్మాబాద్ స్టేషనుకు రెండు కోసుల దూరం. నాందేడు పోవాలంటే అక్కడే రైలెక్కాలి. నా పేరు రాజన్న. ఇంట్లో మేం నలుగురం: నేను, నా భార్య లచ్చవ్వ, నా తమ్ముడు నర్సయ్య, వాడి భార్య గంగవ్వ. ఉన్న ఒక్క బిడ్డకు పెళ్లి చేసి పంపాం. మాకున్న భూమి నల్లరేగడి చెలక ఒకటే, అన్నదమ్ములం ఇద్దరం కలిసే చేస్తాం.

మొదటి కార్తీకం

దీపావళి పోయి నాలుగైదు రోజులైంది. తెల్లవారి మంచం దిగబోతే మోకాళ్లు మడత పడలేదు. నొప్పి తరువాత వచ్చింది, ముందు వచ్చింది బిగువు. తడిసి ఎండిన మోకుతాడు ముడి విప్పబోతే ఎలా మొరాయిస్తుందో అలా మొరాయించాయి. చేతులు చూసుకుంటే వేళ్లు ఉబ్బి, పిడికిలి పడలేదు. ధోవతి కట్టుకోలేక లచ్చవ్వను పిలిచాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నాకు బట్ట కట్టడం అదే మొదలు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

పొద్దు బారెడెక్కి ఎండ వాకిట్లోకి వచ్చాక బిగువు కొంచెం కొంచెంగా వదిలేది. మధ్యాహ్నానికి దాదాపు మామూలు మనిషినయ్యేవాణ్ణి. నన్ను ముంచింది అదే. మధ్యాహ్నం నన్ను చూసినవాళ్లు, పొద్దున పని తప్పించుకున్నాడని అనుకున్నారు.

మొదటి మూడు రోజులు నర్సయ్య ఏమీ అనలేదు. నాలుగో రోజు గుమ్మంలో నిలబడి అడిగాడు.

"అన్నా, ఎడ్లు నిలవడ్డయి. నువ్వు లేస్తవా, నేనే తోల్కపోవాల్నా?"

ఆ మాటలో తప్పేముందని లచ్చవ్వ ఇప్పటికీ అంటుంది. మాటలో లేదు. గుమ్మం దాటి లోపలికి రాకుండా అన్నాడు. అన్న మంచం పట్టాడని తెలిసినవాడు లోపలికి వచ్చి అడగాలి.

ఆ నెలలోనే ఊళ్లో ఒక పెళ్లి జరిగింది. పంక్తిలో కూర్చోబోతే మోకాళ్లు మడవడం నా వల్ల కాలేదు. ఒక పీట ఉంటే ఇవ్వమని అడిగాను. పెళ్లికొడుకు తండ్రి వడ్డించేవాళ్లను కేకేసి, "రాజన్నకు గద్దె కావాల్నట, ఏసి కూసోబెట్టుండ్రి" అన్నాడు. పంక్తి పంక్తంతా నవ్వింది. ఆఖరుకు నన్ను కొట్టం పక్కన, పశువుల కుడితి గోలెం అంచు మీద కూర్చోబెట్టి విస్తరి చేతికిచ్చారు. తిన్నాను. తినకుండా లేస్తే ఇంకో మాట పుడుతుంది. ఆ ఇంట్లో ఆ తరువాత మంచినీళ్లు కూడా తాగలేదు, ఇక తాగను.

ఆ రోజుల్లో నాకు ఆసరా అయింది మా చుక్క బర్రె. తెల్లవారుజామున ఇంట్లో అందరికీ తలా ఒక పని ఉంటుంది. లచ్చవ్వ విసుర్రాయి దగ్గర, గంగవ్వ నీళ్ల దగ్గర, నర్సయ్య ఎడ్ల దగ్గర. నేను గోడ పట్టుకుని కొట్టంలోకి పోయి, పడుకున్న బర్రె పక్కన కూలబడి, రెండు చేతులూ దాని పొట్ట కింద పెట్టేవాణ్ణి. దాని ఒంటి వేడికి వేళ్లు మెల్లగా తెరుచుకునేవి. అది ఒక్కసారి కూడా విదిలించలేదు, తోక కూడా కొట్టలేదు. ఎలా ఉందని అడగలేదు, ఏం తినాలో చెప్పలేదు. నెమరు వేస్తూ ఊరుకుంది. ఆ చలికాలంలో నేను ఎక్కువ సేపు గడిపింది దానితోనే.

మార్గశిరం

మార్గశిర అమావాస్యను మా దిక్కు ఎల్లమాస అంటారు. ఆ రోజు ఊరు ఊరంతా చెలకల్లోకి పోతుంది. జొన్న నడుమెత్తు దాటి పచ్చగా ఉంటుంది. చెలక మూలన జొన్న చొప్పతో గుడిసె వేసి, అయిదు రాళ్లకు సున్నం పూసి నిలబెట్టి పూజ చేస్తారు. అన్ని గింజలూ కలిపి భజ్జి వండుతారు. మజ్జిగలో జొన్నపిండి కాచి పులియబెట్టిన అంబలి కొత్త కుండలో పెడతారు. పూజ అయ్యాక ఇంటికి పెద్దవాడు ఆ కుండ పట్టుకుని, ఆకుల మండతో అంబలి చల్లుతూ చెలక నాలుగు గట్లూ తిరిగి రావాలి. ఆయన తిరిగి వచ్చేదాకా ఎవరూ ముద్ద ముట్టరు.

నాయన పోయినప్పటి నుంచి ఆ కుండ నాది. ఆగ్నేయ మూల గుడిసె దగ్గర మొదలుపెట్టి, దక్షిణం గట్టు, పడమర గట్టు, ఉత్తరం గట్టు, చివరికి తూర్పు గట్టు మీదుగా గుడిసెకు చేరేవాణ్ణి. ఇంట్లో నేను పెద్దవాణ్ణని చెప్పుకోవడానికి ఏడాదిలో నాకున్నది ఆ ఒక్క నడక. కీళ్లు పట్టుకున్న మొదటి రోజు నుంచీ నా భయం నొప్పి గురించి కాదు. ఎల్లమాసకు నడవగలనా లేదా అని.

అమావాస్య పది రోజులుందనగా మా పోశెట్టి మామ వచ్చాడు. మా అమ్మకు తమ్ముడు. ఆయన చెలక మా చెలకకు ఆనుకునే ఉంటుంది. మా దిక్కు కీలు నొప్పికి ఎవరైనా ముందు చేసేది ఒకటే, నల్లజీడి. మరాఠీవాళ్లు బిబ్బా అంటారు. గింజను సూదికి గుచ్చి దీపం మీద కాలిస్తే నల్లటి నూనె కారుతుంది. దాన్ని నొప్పి ఉన్నచోట చుక్క పెడతారు. అక్కడ తోలు పొక్కి, లోపలి నొప్పి బయటికి వస్తుందని నమ్మకం.

"ఒక్కో మోకాలికి రెండు సుక్కలు పెడ్త, అల్లుడా. మస్తయితయి," అన్నాడు.

"రెండు సుక్కలకు ఏమైతది మామా? పది దినాల్ల గట్టు తిరగాలె నేను. సుట్టూత పెట్టు. మణికట్లకు గూడ."

లచ్చవ్వ దీపం వెనక్కి లాగింది. "సుట్టూత పెడితె మనిషి ఆగమైతడు. మామా, పెట్టకు."

"నేను వద్దనే అంటున్ననమ్మా. మీ ఆయినే వింటలేడు. రేపు నన్నన్నవంటె ఊకోను, రాజన్నా."

పెట్టించుకున్నాను. తప్పు నాదేనని అందరూ అంటారు. కొంత నాదే. కాని పెద్దమనిషి, చేతిలో గింజ ఉన్నవాడు, పెట్టనంటే పెట్టనని లేచి పోవలసింది. ఆ మాట మామతో ఆయన మొహం మీదే అన్నాను. ఆయన నిజంగానే ఊరుకోలేదు.

రెండో రోజుకు మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. మూడో రోజుకు పొక్కులు లేచి చితికి నీరు కారసాగింది. ఒళ్లంతా దురద, మొహం ఉబ్బు, జ్వరం. బట్ట తగిలితే ప్రాణం పోయేది. లోపలి నొప్పి బయటికి రాలేదు. అది లోపలే ఉంది, దానికి తోడు బయటిది వచ్చింది. చదివేవాళ్లలో కీళ్ల నొప్పి ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే, నల్లజీడి జోలికి పోకండి. రెండు చుక్కలు కూడా వద్దు.

ఎల్లమాస నాటి పొద్దున బండ్ల గజ్జెల చప్పుడుకు లేచాను. లచ్చవ్వ గుమ్మంలో తచ్చాడింది.

"నేనుంట తీయ్. గంగవ్వ పోతది, అన్నీ సూసుకుంటది."

"పో. భజ్జి వండేది నువ్వు గాదా?"

"నువ్వొక్కనివే ఉంటవా మరి?"

"నాకేమైతది? పో అంటున్న గదా."

పోయింది. పొమ్మన్నాను నిజమే. పొమ్మనగానే పోతుందని అనుకోలేదు.

నర్సయ్య కొత్త కుండ చంకన పెట్టుకుని నా మంచం ముందు నుంచే నడిచిపోయాడు. ఒక్క క్షణం ఆగినట్టుంది. నేను గోడ వైపు తిరిగాను.

వాళ్లు పోయాక దేక్కుంటూ తలుపు దాకా పోయి లోపల గొళ్లెం పెట్టాను. ఆ పది అడుగులు పోయి రావడానికి, ఆ గొళ్లేన్ని మణికట్లతో తోయడానికి ఎంత సేపు పట్టిందో నాకే తెలుసు. ఎందుకు పెట్టానని అడిగితే చెప్పలేను. వాళ్లు లేని ఇల్లు కాబట్టి నాదని చెప్పుకోవడానికి కావచ్చు.

ఊరు ఖాళీ అయితే ఎలా ఉంటుందో అప్పటిదాకా నాకు తెలియదు. ప్రతి ఎల్లమాసకూ నేనే పోయేవాణ్ణి కదా. రోకటి పోటు లేదు, పిల్లల ఏడుపు లేదు, ఎవరూ ఎవరినీ పిలవడం లేదు. ఎక్కడో ఒక తలుపు గాలికి కొట్టుకుంటోంది. కాసేపటికి ఒక కుక్క వాకిట్లోకి వచ్చి, ఎవరూ లేరనుకుని, పొయ్యి దగ్గర బూడిదలో పడుకుంది. దాహమైతే చెంబు రెండు మణికట్ల మధ్య ఇరికించి ఎత్తాను. సగం గుండెల మీద పోసుకున్నాను. తడిసిన అంగీ విప్పుకోలేక అలాగే వణుకుతూ పడుకున్నాను. మధ్యాహ్నం దాటాక దూరం నుంచి, చెలకల దిక్కు నుంచి, గట్లు తిరిగేవాళ్ల కేకలు వినిపించాయి. వాటిలో నర్సయ్య గొంతు గుర్తుపట్టాను. నాయన గొంతులా ఉంది. నాకు ఆ గొంతు రాలేదు.

పొద్దు వాలుతుండగా వాకిట్లో బండి ఆగిన చప్పుడైంది. నర్సయ్య చొప్ప దించుకోవడానికి వచ్చాడనుకున్నాను.

"అన్నా."

పలకలేదు.

"అన్నా, తలుపు తియ్యి జెర. మెల్కువనే ఉన్నవా?"

కళ్లు మూసుకున్నాను. నా కుండ పట్టుకుని నా గట్లు తిరిగి వచ్చినవాడి మొహం చూడదలుచుకోలేదు. మూడోసారి కూడా పిలిచాడు. తలుపు మీద చెయ్యి ఆనించినట్టు చప్పుడైంది. తరువాత బండి పోయింది.

దీపాలు పెట్టే వేళకు అందరూ వచ్చారు. లచ్చవ్వ పిలిస్తే తీశాను. ఆమె గిన్నెలు పట్టుకుని వంటింట్లోకి పోగానే గంగవ్వ సగం అంబలి ఉన్న కుండ తెచ్చి నా మంచం దగ్గర పెట్టింది. మా ఇళ్లల్లో తమ్ముడి భార్య బావతో ఎదురుపడి మాట్లాడదు. చెప్పవలసింది ఏమైనా ఉంటే తోడికోడలికో, గోడకో చెబుతుంది. గంగవ్వ కొంగు నెత్తిన సర్దుకుని కాసేపు అక్కడే నిలబడింది. నేను ఆ కుండ వైపే చూస్తున్నాను. అందరూ తిని తాగి మిగిలింది నాకు పంపారని నా ఒళ్లు మండుతోంది. ఆమె ఏమీ అనకుండానే పోయింది.

"దీన్ని బర్రెకు పొయ్యి," అన్నాను లచ్చవ్వతో.

"పూజల పెట్టిన అంబలి. బర్రెకా?"

"పొయ్యి అంటున్న గదా."

పోసింది. బర్రె తాగిన చప్పుడు మంచం మీదికి వినిపించింది.

పుష్యం, మాఘం

ఎల్లమాస దాటిన రెండు రోజులకు పోశెట్టి మామ గుమ్మం దాకా వచ్చి ఒక మాట చెప్పిపోయాడు. "మీ నర్సయ్య మూడు గట్లే తిరిగిండు. తూర్పు గట్టు ఇడిసిపెట్టిండు. మా చెలకల కెల్లి నేను సూస్తనే ఉన్న. తిండి కాడికి తొందరేమొ మల్ల."

ఆ మాట నాకు మందులా పనిచేసిందని చెప్పడానికి సిగ్గులేదు. నా పని తీసుకున్నాడు, అది కూడా సగంలో వదిలేశాడు. పుష్యమాసమంతా పుళ్లు మానుతూ, చలికి కీళ్లు కొరుక్కుతింటూ ఉంటే ఆ ఒక్క మాట పట్టుకుని పడుకున్నాను.

మాఘంలో నన్ను నాందేడు దవాఖానాకు తీసుకుపోవాలని తేల్చారు. నర్సయ్య బండిలో గడ్డి మందంగా పరిచి, దాని మీద గొంగడి వేసి, ధర్మాబాద్ స్టేషనుదాకా ఎడ్లను నడకే నడిపించాడు. రైలెక్కేటప్పుడు నన్ను రెండు చేతులతో ఎత్తి పెట్టెలో కూర్చోబెట్టాడు. తాను మాత్రం ఎక్కలేదు.

"శెనిగె కోతకచ్చింది, వొదినె. మీరు పోయి రాండ్రి," అని లచ్చవ్వతో అన్నాడు. నాతో అనలేదు. శనగ రెండు రోజులు ఆగితే రాలిపోదు.

దవాఖానా వరండాలో జనం చాలా మంది ఉన్నారు. పొద్దున పోతే మన వంతు వచ్చేసరికి పగలు సగం గడిచేది. వరండా నేల మంచు ముక్కలా ఉంది. ఒక మూల మాత్రం ఎండ చారెడు పడేది, అది జరిగినకొద్దీ కూర్చున్నవాళ్లు కూడా జరిగేవాళ్లు. కొత్తవాళ్లకు అక్కడ చోటుండదు. స్తంభం పక్క నీడలో వణుకుతున్న నన్ను చూసి, ఎండలో కూర్చున్న ఒక ముసలాయన చేత్తో నేల తట్టి పిలిచాడు. తెల్ల గడ్డం, అతుకుల కోటు. ఆయన వేళ్లు నా వేళ్లకన్నా వంకర.

"ఇధర్ ఆవ్ భాయ్. ధూప్ ఇధర్ హై," అన్నాడు. ఎండ ఇటుందని, రమ్మని.

నేను కదలలేనని చూసి ఆయనే లేచాడు. లేవడానికి ఆయనకూ నాకు పట్టినంత సేపు పట్టింది. నన్ను తన చోట కూర్చోబెట్టి తాను నీడలో నిలబడ్డాడు. తరువాత సంచీలోంచి గుడ్డలో చుట్టిన ఇటుక తీసి నా మోకాళ్ల నడుమ పెట్టాడు. ఇంట్లో పొయ్యి మీద కాల్చి తెచ్చుకున్నాడట, ఇంకా వెచ్చగానే ఉంది. పదేళ్లుగా ప్రతి చలికాలం ఇదే పని అని నవ్వాడు. "దర్ద్‌సే లడో నక్కో. ఉస్కూ గరమ్ రఖో, సో జాతా," అన్నాడు. నొప్పితో పోట్లాడవద్దు, వెచ్చగా ఉంచితే అదే నిద్రపోతుందని. ఆయన పేరు అడగడం మరిచాను. నన్ను అవమానించిన ప్రతివాడి పేరూ, ఇంటిపేరూ నాకు గుర్తే. ఈయన పేరు మాత్రం తెలియదు.

డాక్టరు నా మోకాళ్ల మీది మచ్చలు చూసి తల పట్టుకున్నాడు. ఇది పూర్తిగా పోయే రోగం కాదన్నాడు, చలికి పెరిగి ఎండకు తగ్గుతుందన్నాడు. వెచ్చగా ఉండాలి, అట్లాగని మంచానికి అంటుకోకూడదు, పొద్దున్నే కీళ్లను కొద్దికొద్దిగా కదపాలి అన్నాడు. తెల్ల బిళ్లలు ఇచ్చాడు. అవి వేసుకుంటే చెవుల్లో తుమ్మెద తిరిగినట్టుండేది, నొప్పి మాత్రం తగ్గింది. మూడు రోజులు ధర్మశాలలో ఉండి తిరిగి వచ్చాం. స్టేషనులో నర్సయ్య బండి కట్టుకుని ఉన్నాడు. మేం ఏ రోజు వచ్చేదీ తెలియక మూడు పూటల నుంచి వచ్చి చూసి పోతున్నాడని అక్కడి హమాలీ లచ్చవ్వతో అన్నాడట. నాకు ఆమె ఇంటికి పోయాక చెప్పింది. అప్పుడే చెబితే నేనేమైనా అనేవాణ్ణేమో.

ఫాల్గుణం

ఎండ కొంచెం చురుక్కుమన్నాక కర్ర పట్టుకుని కళ్లం దాకా నడిచాను. జొన్న కొట్టేవాళ్లు, తూర్పార పట్టేవాళ్లు, పది పన్నెండు మంది ఉన్నారు. తూర్పు వైపు కంకి సన్నగా పండిందని ఎవరో అన్నారు. ఎన్ని రోజుల నుంచో దాచుకున్న మాట నా నోట్లోంచి ఊడిపడింది.

"పండదు మరి. మూడు గట్ల రైతు సేసిన సేద్యం గట్లనే ఉంటది."

మనుషులు చేతులు ఆపారు. పోశెట్టి మామ నవ్వాడు. నర్సయ్య చేటలో గింజలు అలాగే పట్టుకుని నా వైపు చూశాడు. ఏదో అనడానికి నోరు తెరిచాడు. చేట పైకెత్తి, గాలికి పొట్టు వదిలాడు.

ఆ రోజు నుంచి ఊళ్లో వాడికి ఆ పేరే పడింది. ఆ రోజు నుంచే మేమిద్దరం మాట్లాడుకోవడం మానేశాం. వాడు నాకేమైనా చెప్పాలంటే ఎడ్లతో అనేవాడు. నేనూ ఎడ్లతోనే జవాబు చెప్పేవాణ్ణి. వేసవిలో నా వేళ్లు తెరుచుకున్నాయి, పిడికిలి పడింది, ధోవతి నేనే కట్టుకున్నాను. ఆ సంగతి చెప్పుకోవడానికి ఇంట్లో లచ్చవ్వ తప్ప ఎవరూ లేరు. ఆమెకు చెప్పనక్కరలేదు, చూస్తూనే ఉంది.

రెండో మార్గశిరం

వానలు వెనకబట్టి చలి దిగగానే రోగం తన చోటికి తాను వచ్చింది. ఈసారి నేను సిద్ధంగా ఉన్నాను. పొయ్యిలో ఇటుక కాల్చి గుడ్డలో చుట్టి మోకాళ్ల మధ్య పెట్టుకునేవాణ్ణి. తెల్లవారుజామున బర్రె దగ్గర కూర్చుని వేళ్లు ఒక్కొక్కటే కదిపేవాణ్ణి. వావిలాకు మరిగించి లచ్చవ్వ కాపడం పెట్టేది. పోయినేటి బిగువులో సగమే ఉంది. ఒక గట్టు నడవగలను, మహా అయితే రెండు. నాలుగు నడవలేనని నాకు తెలుసు, ఒప్పుకోవడానికి మనసు రాలేదు.

ఎల్లమాస ముందు రోజు సాయంత్రం. తోడికోడళ్లు అంబలి కాస్తున్నారు. నేను గడపలో ఇటుక పెట్టుకుని కూర్చున్నాను. నర్సయ్య కొట్టంలో ఎడ్లకు మేత వేస్తున్నాడు, వినిపించేంత దూరంలోనే.

"ఈసారన్న నాలుగు గట్లు తిరుగుమను," అన్నాను లచ్చవ్వతో.

గంగవ్వ తెడ్డు ఆపింది. పెళ్లయి ఈ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచి ఆమె గొంతు నా ఎదుట పెద్దగా వినలేదు. ఆమె కొంగు ముందుకు లాక్కుని, నా వైపు వీపు పెట్టి, పొయ్యి పక్కన ఉన్న గుంజతో మాట్లాడింది.

"తూర్పు గట్టు ఎవరి కోసం ఇడిసిండో అడుగుమను, అక్కా. పెద్దాయిన లేంది నడక నిండదు, ఆఖరి గట్టన్న ఆయినతోని తిప్పియ్యాలె అన్నడు ఈయిన. నడువలేకుంటె ఎత్తుకోని తిరుగుత అన్నడు. నీకు తెలిస్తె పెద్దాయినకు ముందే చెప్తవ్, చెప్తె రానంటడు అని నీకు గూడ చెప్పలే, చొప్ప దించి అస్త అనే పోయిండు. బండి కట్టుకోని అచ్చిండు. మూడుసార్లు పిలిచిండు. తలుపుకు లోపట గొళ్లెం ఉండె."

అంబలి కుతకుతమంటోంది.

"ఈయిన మల్ల చెలకకు తిరిగి పోయేదాంక మేము ముద్ద ముట్టలే. సగం కుండ అట్లనే తెచ్చి మంచం కాడ పెట్టిన. తెల్లారినంకనన్న పెద్దాయిన పోయి సల్లి అస్తడేమొనని. బర్రె తాగింది దాన్ని."

లచ్చవ్వ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. ఆమెకూ అప్పుడే తెలిసింది.

"మరి నాకు ఎందుకు చెప్పలేదు?" అన్నాను. ఎవరితో అన్నానో నాకే తెలియదు. గంగవ్వ గుంజకే జవాబిచ్చింది.

"చెప్దమనే కళ్లం కాడ నోరు తెరిచిండు. నలుగుర్ల గా మాట పడ్డంక ఇగ చెప్పబుద్ధి గాలే అన్నడు. ఈయిన గూడ ఈ ఇంట్ల పుట్టినోడే గదా."

కొట్టంలో ఎడ్ల గంటలు ఆగిపోయాయి. నర్సయ్య వింటున్నాడని తెలిసింది. లేచి పోయి ఏదైనా అనవలసింది. మోకాళ్లు లేవనివ్వలేదని రాయవచ్చు. కాని ఆ సాయంత్రం అవి కాస్త బాగానే ఉన్నాయి.

మరునాడు అందరితో పాటు బండిలో పోయాను. పూజ అయింది. నర్సయ్య కుండ ఎత్తుకుని దక్షిణం గట్టు తిరిగాడు, పడమర తిరిగాడు, ఉత్తరం తిరిగాడు. నేను కర్ర పట్టుకుని ముందే ఈశాన్య మూలకు పోయి రాయి మీద కూర్చున్నాను. వాడు వచ్చి, కుండ నా కాళ్ల దగ్గర దించి, మండను దాని మీద అడ్డంగా పెట్టాడు. నా మొహం చూడలేదు. నేనూ వాడి మొహం చూడలేదు. ఎడ్లను చూడాలన్నట్టు అటు పోయాడు. ఎడ్లు కట్టేసే ఉన్నాయి.

చంకలో కుండ, చేతిలో కర్ర. మండ పట్టుకోవడానికి ఇంకో చెయ్యి లేదు. అందుకని మండ అక్కడే వదిలి, నాలుగు అడుగులకు ఒకసారి ఆగి, కర్ర మోచేతికి తగిలించుకుని, చేత్తోనే అంబలి తీసి చల్లాను. అది చల్లగా ఉంది, వేళ్లు కొంకర్లు పోయాయి. కేక మాత్రం వేయలేదు. ఆ గట్టు అంత పొడుగని నాకు ముందెన్నడూ తెలియదు. గుడిసె దగ్గర ఆకలితో కూర్చున్నవాళ్లు కనబడుతున్నారు. పక్క చెలకలోంచి పోశెట్టి మామ, "ఇయ్యాల అన్నం పొద్దుగూకినంకనే, రాండ్రి పండుదం," అనడం వినిపించింది. ఆ మాట కూడా గుర్తు పెట్టుకున్నాను. ఎక్కడా తొందరపడలేదు. ఒక్క అడుగు వదలలేదు.

గుడిసెకు చేరేసరికి చెమట పట్టింది. ఆ చలికాలంలో నాకు చెమట పట్టడం అదొక్కసారే. లచ్చవ్వ విస్తళ్లు వేస్తోంది. గుడిసె లోపల నాకని ఒక పీట వేసి ఉంది. ఎవరు వేశారని అడగలేదు. దాని మీద కూర్చున్నాక నర్సయ్య వచ్చి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"తూర్పు గట్టున కలుపు శాన ఉన్నది," అన్నాను.

"పీకుత తియ్యి," అన్నాడు. ఎడ్లతో కాదు.

ఒక మాట ఇక్కడ రాయాలి. కళ్లం దగ్గర నేనన్న మాట వెనక్కి తీసుకున్నానని నలుగురిలో ఇంకా చెప్పలేదు. ఊళ్లో ఆ పేరు వాడికి ఇంకా ఉంది. ఏడాది పాటు నాకు చెప్పకుండా దాచినందుకు వాడి మీద నాకున్న కోపం కూడా ఇంకా పోలేదు. రెండూ నాతోనే ఉన్నాయి, మోకాళ్ల నొప్పిలాగే. ఏది ముందు వదులుతుందో తెలియదు.

ఆ రోజు గుడిసెలో కుండ అడుగున కొంచెం అంబలి మిగిలింది. రెండు చేతులతో ఎత్తి తాగాను. బాగా పులిసింది, కొంచెం ఉప్పు తక్కువైంది. పోయినేటిది ఎలా ఉండిందో నాకు తెలియదు.